ఇరుసు దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన వీడియో మళ్ళీ మళ్ళీ చూశాను. సైకిలుకి ఇంజను బాగానే ఎక్కించావు. ట్యాంకు, క్లచ్చి తీగ, సైలెన్సరు అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. చైనొక్కటే మాట వినడం లేదు. "టెన్షనరు ఇంకాస్త బిగిస్తే ఊడకుండా ఉంటుందా మావయ్యా?" అని అడిగావు. ఉండదు. ఇంకా బిగిస్తే చైను ఊడటంతో ఆగదు, టెన్షనరే తిరిగిపోయి స్పోకుల్లో పడుతుంది. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. కాగితం పక్కన పెట్టుకుని వరసగా చేసుకుంటూ పో.

చైను ఊడటం రోగం అనుకుంటున్నావు నువ్వు. రోగం ఎక్కడో లోపల ఉంటుంది, చైను దగ్గర బయటపడుతుంది. ఇరుసు మీద హబ్బు తిరుగుతుంది, హబ్బుని పట్టుకుని స్పోకులు, వాటిని పట్టుకుని నీ స్ప్రాకెట్, ఆ స్ప్రాకెట్‌కి ఎదురుగా ఇంజను, ఈ రెంటి మధ్యా చైను, చిట్టచివర చైను వదులు తీసే టెన్షనరు. ముందున్నదానిలో తేడా ఉంటే అది తర్వాతదానికి చేరుతుంది. కాబట్టి పని ఇరుసు దగ్గర మొదలుపెట్టి టెన్షనరు దగ్గర ముగించాలి. నువ్వు చివర్నించి మొదలుపెట్టావు. పునాది కుంగిన ఇంట్లో తలుపు చెక్క చిత్రిక పట్టుకుంటూ కూర్చున్నట్టుంది వ్యవహారం.

తొక్కుడు చైనుకి ఇన్ని బాధలు లేవే, ఇంజను చైనుకే ఎందుకు అంటావేమో. తొక్కుడు చైను కాలి బలంతో నిదానంగా నడుస్తుంది, కాస్త వంకరున్నా సర్దుకుంటుంది. ఇంజను చైను సంగతి లెక్కేసి చూడు. 26 అంగుళాల చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు రెండు మీటర్లు పోతుంది. గంటకి 30 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకి నాలుగు చుట్లు తిరుగుతుంది. వెనక స్ప్రాకెట్‌కి 44 పళ్ళు. అంటే సెకనుకి 170 పైచిలుకు లింకులు వచ్చి పళ్ళ మీద కూర్చుని లేస్తున్నాయి. స్ప్రాకెట్‌లో రెండు మిల్లీమీటర్ల ఔట్, అంటే పక్కలకి ఊగడం, ఉందనుకో, సెకనుకి నాలుగుసార్లు అది చైనుని పక్కకి తోసి లాగుతుంది. ఎప్పుడో ఒక లింకు పంటి గుంటలో కాకుండా పంటి కొన మీద దిగుతుంది. అంతే, ఊడింది.

ఇక నీ బండి సంగతి. వీడియోలో వెనక చక్రం దగ్గరగా చూపించినప్పుడు ఆపి స్పోకులు లెక్కపెట్టాను. 40 ఉన్నాయి. మన పాతకాలం పెద్ద సైకిళ్ళలో చాలావాటికి ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 ఉంటాయి. నీ ఇంజను కిట్టులో వచ్చిన స్ప్రాకెట్‌కి తొమ్మిది బోల్టు రంధ్రాలున్నాయి. అది 36 స్పోకుల చక్రం కోసం చేసింది. 36లో సగం, 18 స్పోకులు, ఎడమవైపు హబ్బు అంచుకి ఉంటాయి. జతలుగా చూస్తే తొమ్మిది. తొమ్మిది సందుల్లోంచి తొమ్మిది బోల్టులు సాఫీగా దిగుతాయి. నీ చక్రానికి ఎడమవైపు 20 స్పోకులు, పది జతలు. పది సందుల్లో తొమ్మిది బోల్టులు సమానంగా ఎలా పడతాయి? రెండు మూడు చోట్ల బోల్టు స్పోకుని పక్కకి నెట్టుకుని దిగింది. అక్కడ స్పోకు వంగి ఉంటుంది, రబ్బరు బిళ్ళ నలిగి ఉంటుంది, స్ప్రాకెట్ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. విప్పి చూడు, నేను చెప్పినట్టే ఉంటుంది.

పది రంధ్రాలు కొత్తగా వేయిద్దామన్న ఆలోచన రావచ్చు నీకు. అదే వలయం మీద పాత రంధ్రాలు 40 డిగ్రీలకొకటి ఉన్నాయి, కొత్తవి 36 డిగ్రీలకొకటి రావాలి. కొన్ని పాతవాటిలోకే చొచ్చుకుపోతాయి, ఇనుము మిగలదు. కాబట్టి నీకు దారులు రెండే. ఒకటి, 36 రంధ్రాల హబ్బు, రిమ్ము తీసుకుని, నీ బ్రేకులకి సరిపోయేదేనా చూసుకుని, చక్రం కొత్తగా అల్లించడం. రెండు, హబ్బుని రెండు ముక్కలుగా పట్టే అల్యూమినియం క్లాంపు వేసి, స్ప్రాకెట్‌ని దానికి బిగించడం. కొనేముందు నీ హబ్బు ఎంత లావుందో వెర్నియర్‌తో కొలుచుకో. దొరక్కపోతే లేతు షాపులో తిప్పించుకోవచ్చు. నన్నడిగితే క్లాంపే మేలు. మన ఊళ్ళో పాలవాళ్ళ టీవీఎస్ ఎక్స్‌ఎల్ బండ్లు చూశావుగా, వాటికి స్ప్రాకెట్ హబ్బు మీదే ఉంటుంది, ఇంజను బలం తిన్నగా హబ్బుకి పోతుంది. కిట్టువాళ్ళు మాత్రం ఏ సైకిలుకైనా పట్టాలని స్పోకుల మీద వేలాడదీశారు. స్పోకు పుట్టింది రిమ్ముని లాగిపట్టడానికి, పక్కనుంచి నొక్కించుకోవడానికి కాదు.

ఏ దారి పట్టినా మొదటి పని ఇరుసుది. చైనులు రెండూ తీసెయ్యి. రిమ్ముని రెండు వేళ్ళతో పట్టుకుని పక్కకి ఊపు. కటకటలాడితే ఇరుసు కోన్లు వదులున్నాయన్నమాట. ఊగకుండా, తిప్పితే పట్టేయకుండా ఉండేలా బిగించు. గోళీలు అరిగి గుంటలు పడి ఉంటే మార్చెయ్, గ్రీజు కొత్తది పెట్టు. తర్వాత రిమ్ము ఔట్ తీయించు. ఈ పని అనుభవమున్న సైకిలు షాపులో ఇచ్చెయ్, రాని చెయ్యి పెడితే ఉన్నది కూడా పోతుంది. ఎడమవైపు స్పోకులన్నీ ఒకే బిగువులో ఉన్నాయా అని మాత్రం నువ్వు చూడు. జతలు జతలుగా నొక్కుతూ పోతే వదులుది చేతికే తెలుస్తుంది.

ఇప్పుడు స్ప్రాకెట్. దీనికి రెండు రకాల తేడాలుంటాయి. పక్కలకి ఊగడం ఒకటి, మధ్యకి లేకపోవడం ఒకటి. ఊగడం కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరూ దాన్నే పట్టుకుంటారు. ఎక్కువ ఏడిపించేది రెండోది. ఎందుకో చెబుతాను. ఇంజను స్ప్రాకెట్‌కీ వెనక ఇరుసుకీ మధ్య సుమారు అర మీటరు దూరం ఉందనుకో. చైనుని మధ్యలో వేలితో ఆడిస్తే పైకీ కిందికీ కలిపి 12 మిల్లీమీటర్లు ఆడుతోంది. చూడటానికి చాలా వదులే. కానీ అంత ఆటకి కావలసిన అదనపు పొడవు మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు. త్రిభుజం గీసి లెక్కెయ్, డిప్లొమా చదువుతున్నావుగా. మరి స్ప్రాకెట్ మధ్య బిందువు ఇరుసుకి అర మిల్లీమీటరు పక్కకి ఉంటే, ఒక్క చుట్టులో చైను దారి దాదాపు రెండు మిల్లీమీటర్లు పెరిగి తగ్గుతుంది. అందుకే నీ చైను ఒకచోట వీణ తీగలా బిగుసుకుని, అర చుట్టు తిరిగేసరికి వేలాడుతోంది. వేలాడినప్పుడు చూసి నువ్వు టెన్షనరు బిగిస్తున్నావు, బిగువు చోటు రాగానే అది నీ టెన్షనరుని తోసేస్తోంది.

కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. వెనక ఫోర్కు గొట్టానికి ఒక పాత స్పోకు ముక్కని గట్టిగా కట్టి, దాని మొన పంటి కొనకి తగలీ తగలనట్టు ఉంచు. చక్రం నిదానంగా తిప్పు. మొనకీ పంటికీ సందు ఎక్కడ పెరుగుతోందో, ఎక్కడ తగ్గుతోందో సుద్దతో గుర్తు పెట్టుకో. ఎక్కువకీ తక్కువకీ తేడా ఒక మిల్లీమీటరు ఉంటే మధ్య బిందువు అర మిల్లీమీటరు తప్పిందని అర్థం. తర్వాత మొనని పంటి పక్కకి వంచి అలాగే తిప్పితే ఊగడం ఎంతుందో తెలుస్తుంది. అది ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూగా వచ్చేదాకా వదలకు.

స్ప్రాకెట్ మధ్య రంధ్రానికీ హబ్బు మూతకీ సందు ఉండటం వల్లే అది మధ్య తప్పుతుంది. కూల్‌డ్రింకు డబ్బా రేకుని పట్టీగా కోసి ఆ సందులో చుట్టూ సమానంగా దూర్చు. రేకు బిగువుగా కూర్చుంటే స్ప్రాకెట్ తనంతట తనే మధ్యకి వస్తుంది. 36 స్పోకుల చక్రం మీద రబ్బరు బిళ్ళలతోనే బిగించే పనైతే లోపలి బిళ్ళని ఒకచోట కోసి హబ్బు మీద ఎక్కించు, బయట ఒక బిళ్ళ, దాని మీద స్ప్రాకెట్, లోపలివైపు ఇనప పట్టీలు. బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి వదిలెయ్. ఒక చివరనుంచి వరసగా బిగిస్తే స్ప్రాకెట్ అటు ఒరుగుతుంది. బోల్టులకి నంబర్లు వేసుకో. 1, 4, 7, తర్వాత 2, 5, 8, తర్వాత 3, 6, 9. ఒక్కొక్కదానికి పావు చుట్టే. మళ్ళీ మొదటికి రా. ప్రతి విడతకీ మొన దగ్గర చక్రం తిప్పి చూడు. స్ప్రాకెట్ ఎక్కడ బయటికి వస్తోందో అక్కడి బోల్టుకి పావు చుట్టు ఎక్కువివ్వు. ఓపికతో చేసే పనిది. బండి కాస్త తిరిగాక రబ్బరు కూర్చుంటుంది, అప్పుడు ఇదే వరసలో మరోసారి చూసుకోవాలి. నట్లకి లాకు నట్టు వెయ్యి, మామూలు నట్టు ఇంజను అదురుకి నిలవదు.

స్ప్రాకెట్ చదునుగా ఉండదు, కొంచెం పళ్ళెంలా లోతుంటుంది. ఆ లోతు లోపలికి పెడితే చైను దారి ఒకచోట, బయటికి పెడితే కొన్ని మిల్లీమీటర్లు తేడాగా ఇంకోచోట పడుతుంది. టైరుకి గానీ ఫోర్కు గొట్టానికి గానీ చైను రాసుకుంటోందంటే తిప్పి పెట్టి చూడు.

స్ప్రాకెట్ కుదిరాక ఇంజను వంతు. చక్రం రెండు ఫోర్కు గొట్టాలకీ సమాన దూరంలో ఉందో లేదో చూసుకుని ఇరుసు నట్లు బిగించు. గాలం దారం ఒకటి తీసుకుని వెనక స్ప్రాకెట్ ముఖానికి వెనకా ముందూ రెండు చోట్ల తగిలేలా పట్టి, ఇంజను స్ప్రాకెట్ దాకా లాగు. అక్కడ కూడా దారం పళ్ళ ముఖానికి తగులుతూ పోవాలి. దూరంగా ఉంటే ఇంజను క్లాంపులు వదులు చేసి సర్దు. ఇంజను కొద్దిగా మెలితిరిగి కూర్చున్నా దారం పంటి ఒక అంచుకి తగిలి, రెండో అంచుకి తగలదు. ఇంకో గుర్తు పాత చైనులోనే ఉంది. లింకుల లోపలి పలకలు చూడు. ఒకే పక్క మెరుస్తుంటే ఇంజనూ చక్రమూ ఒక గీతలో లేవు. రెండు పక్కలా మెరుస్తుంటే స్ప్రాకెట్ ఊగుతోంది. నీ చైను తీసి ఇది చూసి నాకు చెప్పు.

చైను విషయం. ఇంజను చైను 415 నంబరుది. లింకు దూరం తొక్కుడు చైనుదే, అర అంగుళం, కానీ వెడల్పు ఎక్కువ. అందుకని తొక్కుడు చైను ముక్కని ఇందులో కలపకు. 420 నంబరుది పళ్ళ మీద పడుతుంది గానీ మరీ వెడల్పు, పక్కలకి ఆడుతుంది. 24 లింకుల పొడవు, అంటే మొదటి పిన్ను మధ్యనుంచి 25వ పిన్ను మధ్యదాకా, కొత్త చైనులో 304.8 మిల్లీమీటర్లు. లాగిపెట్టి కొలిస్తే 308 దాటిందా, ఇక ఆ చైను పని అయిపోయినట్టే. పళ్ళు కొక్కేల్లా వంగి ఉంటే స్ప్రాకెట్లు కూడా మార్చాలి, అరిగిన పళ్ళు కొత్త చైనుని పాత చైనుగా మార్చేస్తాయి. లాకు క్లిప్పు మూసిన కొస చైను పరుగెత్తే దిక్కుకి ఉండాలి. తిరగేసి పెడితే ఏ గడ్డిపోచ తగిలినా ఊడివస్తుంది.

ఒకే చక్రానికి రెండు చైనులున్నాయి కదా, చిక్కంతా అక్కడే. తొక్కుడు చైను సరిచేయడానికి చక్రం వెనక్కి లాగితే ఇంజను చైను బిగుస్తుంది. అందుకని చక్రం ఎక్కడ ఉండాలో తొక్కుడు చైనునే నిర్ణయించనీ. ఇంజను చైనుని లింకులు తీసి, అవసరమైతే అర లింకు ఒకటి వేసి, ఆ చక్రానికి తగ్గట్టు కుదించు. అప్పటికీ మిగిలిన కాస్త వదులు మాత్రమే టెన్షనరు పని. అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోట చైను 12 మిల్లీమీటర్లు ఆడేలా పెట్టు. అక్కడ బిగుసుకుంటే ఇంజను బేరింగు మీద భారం పడుతుంది. మరీ వదులైతే చిన్న స్ప్రాకెట్ దగ్గర చైను కుప్పపడి ఇంజను కేసే పగులుతుంది.

టెన్షనరు స్పోకుల్లోకి ఎందుకు తిరుగుతుందో నీకు తెలియాలి. ఇంజను లాగుతున్నప్పుడు పై వరస బిగుసుకుంటుంది, కింది వరస వదులుగా ఉంటుంది. టెన్షనరు ఉండేది కింద, కాబట్టి దాని మీద బలం పడదు. కానీ నువ్వు బండి స్టార్టు చేసేదెలా? తొక్కి, క్లచ్చి వదులుతావు. ఆ క్షణంలో చక్రం ఇంజనుని తిప్పుతుంది, అంటే కింది వరస ఒక్కసారిగా బిగుసుకుని టెన్షనరుని తంతుంది. గొట్టం చుట్టూ పట్టుకున్న క్లాంపు ఆ తన్నుకి తిరిగిపోతుంది. దానికి గొట్టానికి రంధ్రం వేయకు, గొట్టం బలం పోతుంది. టెన్షనరు నుంచి ఇరుసు నట్టు దాకా ఒక ఇనప పట్టీ పెట్టించు, ఇక తిరగడానికి దారి ఉండదు. టెన్షనరు కప్పీ చక్రం చైను గీతలోనే ఉందో లేదో వెనకనుంచి చూడు. ఓరగా ఉంటే టెన్షనరు పట్టీని వైసులో పెట్టి కొంచెం మెలితిప్పు.

అన్నీ అయ్యాక బండి స్టాండు మీద పెట్టి చేత్తో చక్రం తిప్పుతూ చెవి పెట్టి విను. చక్రం చుట్టుకొకసారి టిక్కుమంటే స్ప్రాకెట్‌లో తేడా. చైను మొత్తం ఒక విడత తిరిగినప్పుడు ఒకసారే వస్తే ఏదో లింకు పట్టేసింది, సుద్ద గుర్తుతో దాన్ని పట్టుకో. ఆగకుండా గరగరమంటే గీత కుదరలేదు, లేకపోతే టెన్షనరు ఓరగా ఉంది.

ఇంజను నడుస్తుండగా చైను దగ్గరికి గుడ్డ గానీ వేలు గానీ పోనివ్వకు. నూనె పెట్టేటప్పుడు ప్లగ్గు తీగ పీకెయ్. 90 నంబరు గేరు ఆయిలు పలచగా పట్టించి, పైపైన తుడిచెయ్, గ్రీజు పూస్తే ఇసుక పట్టి ఆకురాయిలా అరగదీస్తుంది. చైను మీద రేకు కవరు లేకుండా ఎవర్నీ ఎక్కించకు, పంచె అంచు గానీ చున్నీ గానీ పడితే తీసేంత టైముండదు.

ఇంకో మాట. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగు చక్రాలకంటే తక్కువుండి ఇంజను 25 సీసీ మించకపోతేనే అది మోటారు వాహనం కిందికి రాదు. నీ కిట్టు డబ్బా మీద 80 సీసీ అని వేసి ఉంటుంది. సిలిండరు బోరు 47, స్ట్రోకు 38 మిల్లీమీటర్లయితే లెక్కకి వచ్చేది 66. ఏది నమ్మినా 25 దాటింది. కాబట్టి ఇది కాలేజీ గ్రౌండులో చూపించే ప్రాజెక్టు, రోడ్డెక్కించే బండి కాదు. స్నేహితులు ఎంత ఎగదోసినా సరే.

ఆదివారం చక్రం విప్పు. స్పోకుల లెక్క, హబ్బు లావు, మొన దగ్గర వచ్చిన రెండు కొలతలు, పాత చైను 24 లింకుల పొడవు, మెరుపు ఏ పక్కనుందో రాసి పంపు. అవి చూశాక క్లాంపు ఇక్కడి లేతు షాపులో తిప్పించి పంపాలో, చక్రమే మార్చాలో తేలుస్తాను. అప్పటిదాకా టెన్షనరు జోలికి పోకు. అమ్మని, నాన్నగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య